తల తెగిన బోల్టు

శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ అనిసెటో వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనం వేళకి కారు ఇంజను పైభాగం, అంటే హెడ్డు, విప్పెయ్యాలి, సాయంత్రానికి లోపల కాలిపోయిన గ్యాస్కెట్ మార్చాలి, ఆదివారం పొద్దున్నే భార్యనీ అత్తగారినీ అదే కారులో చర్చికి తీసుకెళ్లాలి. ఆయన సరుకుల ఓడలో సెకండ్ ఇంజనీరు. మూడంతస్తుల ఎత్తున్న ఇంజన్లని నడిసముద్రంలో, ఓడ అటూ ఇటూ ఊగిపోతుండగా విప్పి బిగించిన మనిషి. సముద్రం ఒడ్డున ఓతోన్ అనే ఊళ్లో తన ఇంటి వాకిట్లో, రేకుల పందిరి కింద నిలబెట్టి ఉన్న ఆ చిన్న కారు ఆయనకి ఒక లెక్కలోది కాదు.

నిజం చెప్పాలంటే కారు పాడైనందుకు ఆయన లోలోపల సంతోషించాడు. సెలవు మీద ఇంటికొచ్చి మూడు వారాలైంది. మొదటి వారం కారుతున్న కొళాయిలన్నీ బాగుచేశాడు. రెండో వారం కారని కొళాయిలు విప్పి మళ్లీ బిగించాడు. మూడో వారం ఫ్రిజ్ వెనక్కి వెళ్లి కూర్చుంటే అత్తగారు బాసిలిసా, "అది బాగానే ఉందయ్యా, దాని మానాన దాన్ని వదిలెయ్" అంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఆయన లేకుండానే నడవడానికి అలవాటు పడిపోయిన ఇల్లు అది. బియ్యం ఎక్కడ కొనాలో, కరెంటు పోతే ఎవరిని పిలవాలో, గాలివాన వస్తే ఏ కిటికీ ముందు మూయాలో ఆయన్ని అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు. భోజనాల బల్ల దగ్గర ఆయన కుర్చీ మీద ఉతికిన బట్టలు పెట్టుకోవడం వాళ్లకి అలవాటు. ఆయన కనిపించగానే గబగబా తీసేసి చోటిచ్చేవాళ్లు. ఆ గబగబా తీయడమే ఆయనకి గుచ్చుకునేది. ఇంటికొచ్చిన చుట్టానికి చేసే మర్యాదలా ఉండేది.

కారు మాత్రం అలా కాదు. తొమ్మిదేళ్ల కిందట భార్య రెమెడియోస్‌కి ఆయన స్వయంగా ఎంచి కొనిచ్చింది. ఆవిడ పక్క ఊరు తిగ్‌బావాన్‌లో నాలుగో తరగతి పంతులమ్మ. రోజూ సముద్రం పక్క రోడ్డు మీద అక్కడికి వెళ్లి రావాలి. ఇప్పుడా కారు నీళ్లు తాగేసి తెల్లటి పొగ వదులుతోంది.

"ఎందుకు లంగ్గా ఈ బాధంతా?" అంది రెమి, బడికి బయల్దేరుతూ. మొగుణ్ని ఆవిడ ముద్దుగా అలాగే పిలుస్తుంది. ఆ పిలుపు కాస్త సాగిందంటే మాత్రం ఏదో వద్దంటోందని అర్థం. "పాతబడిపోయింది కదా. నేను నలుగురితో పాటు జీప్నీ బండెక్కి పోతాలే."

"నేను ఇంట్లో ఉండగా నీకు జీప్నీ ఖర్మేమిటి? రేపు చర్చికి ఇందులోనే వెళ్తున్నాం."

రెమి ఇంకేదో అనబోయి ఊరుకుంది. పిల్లల డ్యాన్సు ప్రాక్టీసుకి టైమవుతోందని సంచి భుజానికేసుకుని వెళ్లిపోయింది.

పని మొదట్లో సాఫీగా సాగింది. పైపులు ఊడాయి, వైర్లు ఊడాయి. ఊడిన ప్రతి బోల్టునీ ఆయన వరసగా అట్టముక్క మీద గుచ్చి పెట్టాడు. పొగ గొట్టాన్ని ఇంజను హెడ్డుకి పట్టి ఉంచే బోల్టులు కూడా కొంచెం మూలిగినా వచ్చేశాయి. అన్నిటికన్నా వెనక, గోడ వైపు, చెయ్యి దూరని చోట ఉన్న ఒక్కటి మాత్రం రాలేదు. బొటనవేలంత బోల్టు. తొమ్మిదేళ్ల ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఇంజనూ బోల్టూ ఒకే ఇనుములా అతుక్కుపోయాయి. అనిసెటో కాలు బంపరుకి తన్నిపెట్టి లాగాడు. పానా జారి చేతి కణుపులు చెక్కుకుపోయాయి. మళ్లీ లాగాడు. ఈసారి బోల్టు మూలలు అరిగి కాస్త గుండ్రంగా అయ్యాయి.

సరిగ్గా అప్పుడు ఎదురింటి తెలెస్ఫొరో గేటు తీసుకుని వచ్చాడు. ఆయన ఓడల్లో పనిచేసి రిటైరైన చీఫ్ ఇంజనీరు. ఉద్యోగం ముగిసి చాలా ఏళ్లయినా వీధి మొత్తం ఆయన్ని ఇంకా చీఫ్ అనే పిలుస్తుంది. ఆయన కూడా వీధిని తన ఇంజను గదిలాగే చూస్తాడు.

"ఏం తోతో, బోల్టుకి దణ్ణం పెడుతున్నావా?" అన్నాడు. తనకన్నా చిన్నవాళ్లందరూ ఆయనకి తోతోలే, నలభై దాటినా సరే.

"కదలట్లేదు చీఫ్."

"ముందు బిగించే వైపు కొంచెం తిప్పి చూశావా?"

"చూశాను."

"నూనె పోశావా?"

"పోశాను."

"సుత్తితో తట్టావా?"

"తట్టాను."

చీఫ్‌కి అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. అది ఆయనకి నచ్చలేదు. "అయితే నువ్వు తట్టింది తట్టినట్టు కాదు" అన్నాడు.

ఆయన కూడా తట్టాడు. ఇద్దరూ మళ్లీ నూనె పోసి, అది దిగేదాకా ఆగాలని కూర్చుని కాఫీ తాగారు. కాఫీ అయ్యేసరికి చీఫ్‌కి ఓపిక కూడా అయిపోయింది. ఇంటికెళ్లి పొడవాటి నీళ్ల గొట్టం ఒకటి పట్టుకొచ్చి పానా పిడికి తొడిగాడు. "బలం మన చేతుల్లో ఉండదు తోతో, పిడి పొడుగులో ఉంటుంది."

"వద్దు చీఫ్, తెగుతుందేమో. కొంచెం వేడి చేసి చూద్దాం."

"నా సర్వీసులో నేనెన్ని విప్పానో తెలుసా నీకు?" అని చీఫ్ గొట్టం చివర పట్టుకుని వెనక్కి వాలాడు.

టక్కుమని చిన్న చప్పుడైంది. చీఫ్ వెళ్లి పూలకుండీల మధ్య కూర్చున్నాడు. బోల్టు తల దొర్లుకుంటూ వచ్చి అనిసెటో చెప్పు పక్కన ఆగింది. మిగతా ఒళ్లంతా హెడ్డు లోపలే ఉండిపోయింది.

అనిసెటో దాన్నీ చీఫ్‌నీ మార్చి మార్చి చూశాడు.

"దానికి ముందే బీట ఉంది" అన్నాడు చీఫ్ లేచి దులుపుకుంటూ. "నేను చూశాను."

"చూస్తే చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా." ఆయన గొట్టం చంకలో పెట్టుకున్నాడు. "అన్నం వేళైంది. మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది." ఆవిడ సెబూలో కూతురింట్లో ఉందని వీధందరికీ తెలుసు.

అనిసెటో ఒక్కడే మిగిలాడు. విరిగిన ముక్క మధ్యలో డ్రిల్లుతో సన్నటి చిల్లు పెట్టాడు. ఇలాంటి ముక్కల్ని పట్టి వెనక్కి లాగడానికి ఎదురు మరలున్న చిన్న ఉక్కు పుల్ల ఒకటి ఉంటుంది. దాన్ని చిల్లులో దిగేసి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. అదీ విరిగి అందులోనే ఉండిపోయింది. ఆ ఉక్కు ఎంత గట్టిదంటే, దాని మీద ఇంక ఏ డ్రిల్లూ దిగదు.

ఆయన వాకిట్లో గచ్చు మీద కూలబడి ఓడకి ఫోన్ చేశాడు. థర్డ్ ఇంజనీరు గౌదెన్సియో ఆయన స్నేహితుడు, ఈ ఊరివాడే, పక్క వీధివాడే. ఇలాంటి చిక్కుల్లో మంచి ఉపాయం చెప్తాడు. కాని ఓడ నడిసముద్రంలో ఉంది, మాట తెగి తెగి వస్తోంది.

కిటికీకి అవతల బాసిలిసా పళ్లెంలో మునగాకు దూస్తోంది. ఆవిడకి ఒక చెవే బాగా వినిపిస్తుంది. ఆ చెవి కిటికీ వైపే ఉంది.

"దెన్సియో! దెన్సియో!" అని అల్లుడు అరవడం విందావిడ. తర్వాత కాసేపు నిశ్శబ్దం. "అయ్యో దెన్సియో... ఘోరం జరిగిపోయింది... తల తెగిపోయింది. ఆ, పూర్తిగా. మొండెం లోపలే ఉండిపోయింది." మళ్లీ నిశ్శబ్దం. "అవును, ఇంక కాల్చడమే దారి. ఇవాళ సాయంత్రమే... రెమికి చెప్పకు. ముసలావిడకి అసలు తెలియకూడదు, ఊరంతా చాటుతుంది."

ముసలావిడ చేతిలో మునగాకు చేతిలోనే ఉండిపోయింది.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. అల్లుడి గుండె భారాన్ని తానూ కొంత మోయాలనుకుంది, అంతే. వెనక గుమ్మం లోంచి పక్కింటికి వెళ్లి, జపం చేసే బృందానికి పెద్దైన కొరజోన్ చెవిలో చెప్పింది. "మన సలోమే మొగుడు దెన్సియో ఓడ మీద పోయాడే. మిషన్లో పడి తల తెగిందట. పాతిపెట్టను కూడా పెట్టరట, కాల్చేస్తారట. ఎవరికీ చెప్పకు, రెమికి కూడా తెలియకూడదట."

కొరజోన్ ఎవరికీ చెప్పలేదు, తన బృందంలో వాళ్లకి తప్ప. ఆ బృందంలో వీధిలోని ఆడవాళ్లందరూ ఉన్నారు.

మధ్యాహ్నం ఎండ వాలేసరికి అనిసెటో, గేట్లు వెల్డింగు చేసే నాండింగ్‌కి కబురు పెట్టి, ఇంజనులో తలదూర్చి సుత్తితో కొడుతూనే ఉన్నాడు. గేటులోంచి చూసిన ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. "పాపం, దుఃఖం దిగమింగుకోలేక ఇనుముతో కొట్లాడుతున్నాడు" అంది ఒకావిడ. సలోమే చెవిన ఇంకా పడలేదు కనుక జాగారం ఇక్కడే చేద్దామని, వాళ్లు చప్పుడు కాకుండా ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి సందులో వరసగా వేశారు. పైన టార్పాలిన్ కట్టారు. ఒకరు పెద్ద తపేలాలో అల్లం వేసిన కోడి గంజి తెచ్చారు, ఒకరు కాఫీ, బిస్కెట్లు. అందరూ నల్ల బట్టల్లో ఉన్నారు, చేతుల్లో జపమాలలు.

అనిసెటో తలెత్తి చూసి ఆశ్చర్యపోయాడు. "ఏంటమ్మా ఇదంతా?"

కొరజోన్ ఆయన భుజం తట్టింది. "నువ్వేం మాట్లాడకు నాయనా. పని చూసుకో. మేమంతా ఉన్నాం."

 ఒక్క బోల్టు విరిగితే వీధి వీధంతా కదిలొస్తుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. సొంత ఇంట్లోనే చుట్టంలా ఉన్నానని ఇన్నాళ్లూ లోలోపల కుమిలిపోయాడు. ఇక్కడేమో గంజి కాచుకుని మరీ వచ్చారు. ఇన్నేళ్లు సముద్రం మీద గడిపి ఎలాంటి మనుషుల్ని దూరం చేసుకున్నానా అనిపించింది. కళ్లు తుడుచుకుంటే ముఖమంతా గ్రీజు అయింది. అది చూసి ఆడవాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు.

చీఫ్ కూడా వచ్చాడు, పెళ్లికీ చావుకీ వేసుకునే తెల్లటి బరోంగ్ చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కుని. ఎవరో ఓడ మనిషి పోయాడని మాత్రం విన్నాడు. ఆయనకి నిజంగానే విచారం కలిగింది. దాంతోపాటు, ఇంత పెద్ద విషయం మధ్యలో బోల్టు సంగతి ఎవరూ ఎత్తరన్న నిశ్చింత కూడా కలిగింది. ముందు వరసలో కూర్చుని, "సముద్రం మీద ఇలాంటివి మామూలే" అని మొదలుపెట్టాడు. "రేవు చేరేదాకా మాంసం పెట్టే ఫ్రీజర్లోనే ఉంచుతారు. మా రోజుల్లో ఒకసారి చేపల పక్కనే..."

ఆ మాట దగ్గరే సలోమే గేటులోకి అడుగుపెట్టింది.

ఆవిడకి తిన్నగా ఎవరూ చెప్పలేదు. కూరగాయలకి వెళ్తే తనని చూసి కొట్టులో వాళ్లంతా మాటలాపేశారు, కొట్టామె టమాటాలు ఊరికే ఇచ్చేసింది.  అడగ్గా అడగ్గా ఎవరో "దెన్సియో... తల..." అని నసిగి ఈ ఇంటి వైపు చెయ్యి చూపించారు. జుట్టు విరబోసుకుని తిన్నగా అనిసెటో ముందుకొచ్చి నిలబడింది.

"అన్నయ్యా... నిజమేనా?"

"నీదాకా వచ్చిందా అప్పుడే?" అన్నాడు అనిసెటో చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "నిజమేనమ్మా."

"తల..."

"తెగిపోయింది. ఏడవకు సలోమే. తప్పు కొంత నాది కూడా. కాస్త ఓపిక పట్టాల్సింది."

"నిన్న రాత్రి కూడా బాగానే..."

"పైకి అలాగే కనిపిస్తుంది. ఇన్నేళ్లు ఉప్పుగాలిలో నానాక లోపల ఏముంటుంది చెప్పు? తుప్పే."

సలోమే గేటు ఊచ పట్టుకుంది. "పిల్లలకి నేనేం చెప్పుకోను?"

"పిల్లలకెందుకమ్మా ఇవన్నీ?" అనిసెటో గొంతు కరుణతో మెత్తబడింది. పరాయింటి బోల్టు కోసం ఇంతగా కుమిలిపోయే మనిషిని ఆయన ఇంతవరకు చూడలేదు. "కాసేపట్లో నాండింగ్ వస్తాడు. కాల్చేస్తాం, అయిపోతుంది. పాతదాని కోసం ఇంత ఏడుపు దేనికి? బజారుకెళ్తే కొత్తవి కావలసినన్ని. రేపే ఒకటి తెచ్చి పెట్టుకుందాం. సైజు సరిపోతే చాలు కదా."

సలోమే ఏడుపు ఆపేసింది. ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత వంగి కాలి చెప్పు తీసింది.

రెమి బడి నుంచి వచ్చి జీప్నీ దిగేసరికి సందు మొదట్లో టార్పాలినూ, నల్ల బట్టలూ, తన గేటు ముందు గుంపూ కనిపించాయి. ఆవిడకి అమ్మే గుర్తొచ్చింది. సంచి వదిలేసి పరుగెత్తింది. లోపలికొచ్చి చూస్తే అమ్మ నిక్షేపంలా కుర్చీలో కూర్చుని జపం చేయిస్తోంది. మొగుడు కారు చుట్టూ పరుగెత్తుతున్నాడు. అతని వెనక సలోమే చెప్పు పట్టుకుని పరుగెత్తుతోంది. రెమిని చూడగానే జపం ఆగిపోయింది. అందరూ నేల చూపులు చూశారు.

"ఏమైంది?" అంది రెమి.

 రెమికి తెలియకూడదని అందరికీ తెలుసు.

"అందరూ కూర్చోండి!" అంది రెమి. అది నాలుగో తరగతి గొంతు. వీధి మొత్తం కూర్చుంది. సలోమే కూడా. చీఫ్ అప్పటికే కూర్చున్నాడు కనుక వీపు నిటారుగా చేశాడు. "ఒక్కొక్కరు చెప్పండి. ఎవరు పోయారు?"

"దెన్సియో" అంది బాసిలిసా.

"ఎవరు? మన దెన్సియోనా?" అనిసెటో చేతిలో పానా కిందపడింది. "ఇందాకే నాతో మాట్లాడాడే! ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే చెప్పావు."

"నేనా?"

"తల తెగిందన్నావు, మొండెం లోపల ఉందన్నావు, సాయంత్రం కాల్చేస్తామన్నావు. నాకు చెవుడు లేదయ్యా."

అనిసెటో వంగి, నేల మీంచి బోల్టు తల తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. కుర్చీల్లోంచి అందరూ మెడలు చాచి చూశారు. పూలకుండీల వైపు చూస్తున్నది చీఫ్ ఒక్కడే.

"ఫోన్ చెయ్" అంది సలోమే. ఆవిడ గొంతులో ఇంకా నమ్మకం లేదు. "ఇప్పుడే చెయ్. ఆయన గొంతు వింటేనే నమ్ముతాను."

అనిసెటో ఫోన్ చేసి, అందరికీ వినపడేట్టు పెట్టి, బానెట్ అంచున ఉంచాడు. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. డ్యూటీలో ఉండి ఉంటాడన్నాడు. మళ్లీ చేశాడు. మళ్లీ మోగింది.

నవ్వబోయిన వాళ్లు నవ్వడం మానేశారు. ఇందాక మాట్లాడాడు, నిజమే. ఇందాకకీ ఇప్పటికీ మధ్య ఓడలో ఏమైనా కావచ్చు. ఇంజను గదిలో పనిచేసిన అనిసెటోకి ఆ ఏమైనా అంటే ఏమిటో అందరికన్నా బాగా తెలుసు. ఆయన తలతిప్పి రెమిని చూశాడు. ఆవిడ రెండు చేతులూ ముడిచి గడ్డం కింద పెట్టుకుని, ఆ ఫోన్ వైపు రెప్ప వేయకుండా చూస్తోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ముఖం ఆయన ఎప్పుడూ చూడలేదు. చూసే వీలే లేదు. అలా ఫోన్ మోగిన ప్రతిసారీ ఆయన అవతలి వైపు ఉన్నాడు, పని చూసుకుని తీరిగ్గా ఎత్తుదామనుకుంటూ. ఆయన వెళ్లి గ్రీజు చేత్తోనే ఆవిడ భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తెల్ల చొక్కా మీద అయిదు వేళ్లూ పడ్డాయి. ఆవిడ చొక్కా వైపు చూడనే లేదు.

మూడోసారి అవతల ఫోన్ ఎత్తారు.

"ఏంట్రా, బోల్టు వచ్చిందా?" అన్నాడు గౌదెన్సియో, నిద్రమత్తు గొంతుతో.

సలోమే ఫోన్ లాక్కుంది. "చచ్చినోడా! బతికుంటే ఫోనెత్తడానికేం రోగం నీకు?" అని మొదలుపెట్టి, ఏడుస్తూ నవ్వుతూ, తొమ్మిదేళ్ల కిందట పుట్టింటికి పంపనన్న సంగతి దాకా వెళ్లింది. ఏం నేరం చేశాడో తెలియని గౌదెన్సియో అన్నిటికీ క్షమించమన్నాడు.

ఆ తర్వాత కుర్చీలెవరూ తీయలేదు. గంజి వేడిగా ఉంది, వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చారు. మొదలుపెట్టిన జపాన్ని సగంలో ఆపకూడదంది బాసిలిసా. మరి ఎవరి పేరు మీద ముగించాలన్న దాని మీద కొంత వాదన జరిగింది. చివరికి ఓడల్లో ఉన్నవాళ్లందరి పేరు మీదా ముగిద్దామన్నారు. ఆ వీధిలో అలాంటి మనిషి లేని ఇల్లు లేదు కనుక అందరూ కాస్త గట్టిగానే చదివారు.

జపం నడుస్తుండగానే నాండింగ్ తన వెల్డింగు సామాను తోపుడు బండి మీద వేసుకుని వచ్చాడు. శవజాగారం జరుగుతున్న ఇంట్లో ఇంజను పనికి ఎందుకు పిలిచారో అర్థంకాక గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. నీ పని నువ్వు కానివ్వమన్నారు. విరిగిన ముక్క మీద ఒక నట్టు నిలబెట్టి, రెండింటినీ కలిపి వెల్డింగు చేశాడు. నీలి వెలుగులో ఆడవాళ్లందరూ జపమాలలతో కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అది ఎర్రగా కాలి, మెల్లగా నల్లబడ్డాక, అనిసెటో పానా తగిలించి తిప్పాడు. కిర్రుమని మూలిగింది. ఇంకో చుట్టు తిరిగింది. బయటికొచ్చేసింది.

అందరూ చప్పట్లు కొట్టారు. "గొట్టంతో లాగినప్పుడే సగం వదులైందది" అన్నాడు చీఫ్.

రెమి మాత్రం గబుక్కున లోపలికెళ్లిపోయింది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం అనిసెటో చూశాడు. సంతోషం పట్టలేక అనుకున్నాడు.

మర్నాడు చర్చికి నడిచే వెళ్లొచ్చారు. వచ్చాక అనిసెటో ఇంజను హెడ్డు ఎత్తి బల్ల మీద పెట్టాడు. దాని మీద ఇనుప స్కేలు నిలబెట్టి, కింద నుంచి వెలుతురు వస్తోందా అని ఒంగి చూశాడు. వెలుతురు ధారాళంగా వచ్చింది. హెడ్డు వంగిపోయింది. ఒక మూల నీలం రంగుకి తిరిగింది. 

రెమి కాఫీ తెచ్చి పక్కనే స్టూలు మీద కూర్చుంది.

"ఇది ఒక్కరోజులో అయింది కాదు" అన్నాడు ఆయన. "వేడెక్కినా ఆపకుండా నడిపారు. చాలా దూరం నడిపారు. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటలేదా?"

"దాటింది."

"చూశావా నువ్వు?"

"రోజూ చూశాను."

"అది దాటితే ఆపాలని చెప్పానా లేదా? కొన్నరోజే చెప్పాను కదా!"

"చెప్పావు లంగ్గా."

"మరెందుకు ఆపలేదు?"

రెమి కాఫీ కప్పులోకి చూసింది. "ఆపితే మళ్లీ బాగైపోతుందేమోనని."

అనిసెటో స్కేలు కింద పెట్టాడు.

"నాకు కారు నడపడమంటే భయం" అంది ఆవిడ. "తొమ్మిదేళ్లుగా భయమే. స్టీరింగు పట్టుకుంటే అరచేతులు తడిసిపోతాయి. ఎదురుగా లారీ వస్తే కళ్లు మూసుకుంటాను."

"కళ్లు మూసుకుంటావా!"

"ఎక్కువసేపు కాదు. జీప్నీలో అయితే మా టీచర్లందరం ఒకే బల్ల మీద కూర్చుంటాం. కబుర్లు చెప్పుకుంటాం. తిరిగొచ్చేటప్పుడు పక్కవాళ్ల భుజం మీద ఓ కునుకు తీయొచ్చు. కారులో ఒక్కదాన్నే, చెమటలు కక్కుకుంటూ. ఆ ముల్లు ఎర్ర గీత దాటినప్పుడు నాకెంత హాయిగా అనిపించిందో చెప్తే నన్ను పిచ్చిదాన్నంటావు."

"ఇన్నేళ్లలో ఒక్కమాట చెప్పొచ్చు కదా, అమ్మేసేవాణ్ని."

"ఎలా చెప్పను? ఓడ దిగొచ్చి ముందు దాని చుట్టూ తిరిగి, తర్వాత నా ముఖం చూసేవాడివి. దాని కింద దూరి ఈల వేసుకుంటూ పని చేసుకునేవాడివి. ఇంట్లో నీకు పనేం దొరక్క కొళాయిలు విప్పుకుంటున్నావని నాకు తెలీదా? అదొక్కటైనా ఉండనీ అనుకున్నాను. ఏడాదంతా నడిపి కాస్త పాడుచేసి ఉంచితే నువ్వొచ్చి బాగుచేసుకుంటావని. ఈసారి మాత్రం ఆ ముల్లు చూశాక ఇంక నా వల్ల కాలేదు."

 ఆవిడ సుఖం కోసం తను బాగుచేస్తూ వచ్చాడు. తన సుఖం కోసం ఆవిడ భయపడుతూ నడుపుతూ వచ్చింది. బోల్టు బయటికొచ్చినప్పుడు ఆవిడ ఎందుకు ఏడ్చిందో ఇప్పుడు తెలిసింది. మధ్యలో ఆ కారుకి మాత్రం తొమ్మిదేళ్లు ఊపిరాడలేదు.

"అయితే ఇంక నాకు ఈ ఇంట్లో పనేం లేదన్నమాట" అన్నాడు, నవ్వుదామని చూస్తూ.

"నిన్న ఫోన్ మోగుతున్నంతసేపూ నా భుజం పట్టుకుని నిలబడ్డావు చూడు," అంది రెమి, "ఆ పనికి ఈ ఇంట్లో ఇంతవరకు మనిషి లేడు."

ఆయన కాఫీ తీసుకున్నాడు. చాలాసేపు ఇద్దరూ ఆ వంగిపోయిన ఇనుము వైపు చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం చీఫ్ వచ్చి, హెడ్డు చదును చేయించి కారుని తాను మళ్లీ నడిపించి చూపిస్తానని పట్టుబట్టాడు. ఊరికే తీసుకెళ్లమన్నారు. కారుని ఎదురింట్లోకి తోసుకెళ్లడానికి నిన్న జపానికొచ్చిన వాళ్లంతా వచ్చారు.

సోమవారం పొద్దున్న అనిసెటో భార్యతో పాటు జీప్నీ ఎక్కాడు, బడి దాకా దిగబెట్టి వస్తానని. టీచర్లు జరిగి చోటిచ్చారు. శనివారం కథ మళ్లీ మొదటి నుంచి చెప్పించుకుని నవ్వారు. ఊరు దాటి సముద్రం కనిపించే మలుపులో జీప్నీ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డ్రైవరు దిగి బానెట్ ఎత్తాడు. ఇనుము మీద ఇనుము జారిన చప్పుడు, ఆ వెనకే ఒక బూతుమాట వినిపించాయి. "ఎవరైనా ఓ చెయ్యి వేస్తారా? బోల్టు ఒకటి రావట్లేదు" అని అరిచాడు.

జీప్నీ అంతా అనిసెటో వైపు తిరిగింది. ఆయన లేవబోయాడు. రెమి తల తిప్పకుండా, సముద్రం వైపు చూస్తూనే, ఆయన చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుంది. ఆ పట్టు మాత్రం ఏ పానాకీ ఊడి వచ్చే రకం కాదని ఇంజనీరుకి చూడగానే తెలిసిపోయింది.